అట్ట పట్టుకున్న మనిషి

ఆ ఎండాకాలం మా స్టూడియోకి పెళ్లిళ్లు విరగబడి వచ్చాయి. మామయ్య వీడియో తీసేవారు, నేను ఎడిటింగ్ చేసేదాన్ని, మా ఆయన కలర్ సరిచేసేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ ముగ్గురూ ఒకే పని చేస్తే ఏమవుతుందో అదే అయ్యేది. కూరలో ఉప్పు దగ్గర మొదలైన మాట కెమెరా లెన్సు దగ్గరికి పోయి తేలేది.

మా పనేమిటని చుట్టాలు అడిగితే అత్తయ్య తనకు తోచినట్టు చెప్పేది. "మా ఆయన బొమ్మలు తెస్తాడు, కోడలు కత్తిరిస్తుంది, కొడుకు సున్నం వేస్తాడు" అనేది. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను. మేం పనిచేసే వెనక గదికి ఆవిడ పెట్టిన పేరు గబ్బిలాల గది. గోడలకి బూడిదరంగు, కిటికీకి దళసరి తెర, మిట్టమధ్యాహ్నం కూడా లోపల మునిమాపే. రంగులు చూసేవాడి కంటికి వేరే వెలుతురు తగలకూడదని మా ఆయన పట్టు. మిగతా ఇల్లంతా అత్తయ్య రాజ్యం. ఆవిడకి తెల్లలైటు పడితే తలనొప్పి, అందుకని వంటింటి నుంచి వీధి గది దాకా పసుపు బల్బులే.

మామయ్య ఒంటరిగా పనిచేసేవారు. సాయానికి ఎవరినైనా పెట్టుకోమంటే, ఇంకొకడికి చెప్పి చేయించేలోపు తానే రెండుసార్లు చేసుకుంటానని కొట్టిపారేసేవారు. ఏ చోటికి వెళ్లినా ముందు కెమెరాని స్టాండు మీద నిలబెట్టి, ఆన్ చేసి, తానే దాని ముందుకి వెళ్లి నిలబడేవారు. గడ్డం కింద ఒక తెల్ల అట్ట పట్టుకునేవారు. అక్కడి వెలుతురులో తెలుపు ఎలా కనిపిస్తోందో ఆ అట్ట చెబుతుంది, దాన్నిబట్టి తర్వాత రంగులన్నీ సర్దుకోవచ్చు. ఆ క్లిప్పుని పెళ్లివాళ్లు ఎప్పటికీ చూడరు. ఎడిటింగ్‌లో మొదట ఎగిరిపోయేది అదే. ఆ సంగతి తెలిసే మామయ్య ప్రతిసారీ నేరుగా కెమెరాలోకి చూసి, "అయింది. ఇక నన్ను తీసెయ్ అమ్మాయ్" అనేవారు. తర్వాత నడిచి దగ్గరికొచ్చేవారు, చెయ్యి పెద్దదవుతూ వచ్చి లెన్సుని కప్పేసేది. నేను నవ్వుకుని తీసేసేదాన్ని.

మా ఆయన మాత్రం ఆ అట్టని లెక్కచేసేవాడు కాదు. ఒకప్పుడు వాడిన అట్ట చెమటకీ దుమ్ముకీ మాసిపోయి, రెండు పెళ్లిళ్ల రంగులు చెడగొట్టిందట. అప్పటి నుంచి అతనికి అట్ట మీద నమ్మకం పోయింది. "అట్ట మాస్తుంది, నాన్న మొహం మారదు" అనేవాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మొహం, ఎండలో ఎలా ఉంటుందో నీడలో ఎలా ఉంటుందో అతనికి కంఠతా వచ్చు. నేను తీసేసిన క్లిప్పుని విడిగా తెరిచి, తెర మీద ఆ మొహం తనకి తెలిసిన రంగుకి వచ్చేదాకా రంగులు మార్చే చక్రాలు తిప్పేవాడు. ఆ సర్దుబాటునే ఆ రోజు తీసిన క్లిప్పులన్నింటికీ అంటించేవాడు. ఏళ్ల తరబడి అది ఒక్కసారి కూడా తప్పలేదు, అందుకని నేనూ ఎదురు చెప్పలేదు. ఆ వేసవి మొదట్లో మామయ్య కొత్త అట్ట కొన్నారు. అయినా మా ఆయన పద్ధతి మా ఆయనదే.

మొదటి ఫిర్యాదు బేకరీ వాళ్ల దగ్గర నుంచి వచ్చింది. ప్రకటనలో వాళ్ల రొట్టె నిన్నటి రొట్టెలా ఉందట. మేం నవ్వుకున్నాం. తర్వాత ఒక పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసి, అంత ఎండలో పెళ్లి చేస్తే మా పిల్ల చలికి వణికినట్టు కనిపిస్తోందేమిటమ్మా అని మర్యాదగానే అడిగింది. మా ఆయన కాస్త వెచ్చదనం కలిపి మళ్లీ పంపాడు. రంగు తెలియనివాళ్లే రంగు గురించి ఎక్కువ మాట్లాడతారని నాతో అన్నాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు కూడా అదే మాట అనేసరికి నవ్వు తగ్గింది.

ఆ రోజుల్లోనే మామయ్య అన్నం తగ్గించారు. ఎండలకి ఎవరికి ఆకలేస్తుందిలే అంది అత్తయ్య. ఒళ్లంతా దురద అంటే చెమటకాయలని చల్లటి పౌడరు రాసింది. బెల్టుకి కొత్త బెజ్జం పొడవమని నా చేతికే ఇచ్చారు, నేనే మేకుతో పొడిచాను. ఈ సీజన్ పుణ్యమా అని ఒళ్లు తగ్గిందని ఆయన సంబరపడ్డారు కూడా. పొద్దున్నే వెలుతురు రాకముందు వెళ్లేవారు, దీపాలు పెట్టాక వచ్చేవారు. ఆయన కళ్లద్దాలు ఎండ తగిలితే నల్లబడే రకం. మేం ఆయన్ని చూసేదల్లా పసుపు బల్బుల కిందే. ఇంట్లో మనిషిని ఎవరూ పరీక్షగా చూడరు కదా, ఉన్నాడని చూస్తారంతే.

అలా నడుస్తుండగా గోరుచుట్టు మీద రోకటిపోటులా బట్టల షాపు యజమాని స్వయంగా వచ్చాడు. ఊళ్లో సగం పని మాకు ఆయన మాట మీదే వచ్చేది. కొత్త సరుకు దిగినప్పుడల్లా దాని వీడియో మాచేతే చేయించేవాడు. వస్తూ చంకలో ఒక బట్ట తాను పెట్టుకొచ్చాడు. గబ్బిలాల గదిలోకి వచ్చి, కిటికీ తెర తన చేత్తోనే లాగేసి, బట్టని విప్పి మా కంప్యూటరు తెర పక్కన పరిచాడు.

"ఇది మీగడ రంగు. మీరు చూపించింది నీలిమందు ఎక్కువైన దుప్పటి రంగు" అన్నాడు. "కొన్నవాళ్లు తెచ్చి నా మొహాన పడేస్తున్నారయ్యా. బొమ్మలో చూసిన రంగు ఇది కాదంటున్నారు. నేనేం చెప్పను?"

మా ఆయన ఆ బట్టనీ తెరనీ మార్చి మార్చి చూశాడు. పక్కపక్కన పెట్టాక గుడ్డివాడికి కూడా తేడా తెలుస్తుంది. ఇన్ని వారాలుగా తన కంటికి అది ఎందుకు కనిపించలేదో అతనికి అర్థం కాలేదు. కొంచెం కొంచెంగా వచ్చిన మార్పుకి కన్ను అలవాటు పడిపోతుంది, ఆ గదిలో కూర్చునేవాళ్లకి మరీను. షాపాయన మళ్లీ చేసిమ్మని, ఈసారీ ఇలాగే ఉంటే తన దారి తాను చూసుకుంటానని చెప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం తండ్రీకొడుకులు వాదులాడుకున్నారు. తెర సరిగానే ఉందని, కొలిచి చూశానని, తప్పు కెమెరాదేనని కొడుకు. నువ్వు పుట్టకముందు నుంచీ కెమెరా పట్టుకున్నానని తండ్రి. అత్తయ్య మధ్యలో మంచినీళ్ల చెంబుతో నిలబడింది, ఎవరికివ్వాలో తెలియక.

"ఒరేయ్, కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు" అన్నారు చివరికి మామయ్య. "నీ కంటికేం జబ్బొచ్చిందో, ముందు వెళ్లి చూపించుకో."

మా ఆయన నిజంగానే వెళ్లి చూపించుకుని వచ్చాడు. కళ్లు నిక్షేపంలా ఉన్నాయని చెప్పారట. ఆ మాట తండ్రికి నేరుగా చెప్పకుండా, ఆయన వినేలా నాకు చెప్పాడు. ఇక మిగిలింది కెమెరాయే అన్నాడు. మామయ్య లేచారు. కెమెరాని మెత్తటి గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టి, బీరువా మీదకి ఎక్కించేశారు. ఆ వారం పెళ్లికి బయటి మనిషిని పంపాం. తండ్రీకొడుకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడకుండా తినేవారు. నేను అడకత్తెరలో పోకచెక్కని. ఎవరివైపు మాట్లాడినా రెండోవాళ్ల మనసు విరుగుతుంది, మాట్లాడకపోతే ఇద్దరికీ కోపమే. ఇల్లంతా నా కళ్లముందే బీటలు వారుతున్నట్టుండేది, ఏం చేయడానికీ నాకు తోచలేదు.

షాపు వీడియో మళ్లీ మొదటి నుంచి చేద్దామని ఒక మధ్యాహ్నం కూర్చున్నాం. పాత క్లిప్పులన్నీ తెరిచాను. మొదటిది మామూలే, షాపు నడిమధ్యలో మామయ్య, గడ్డం కింద అట్ట. తీసేయబోయి నాకు ఒక ఆలోచన వచ్చింది.

"మీరిద్దరూ ఒకరి మాట ఒకరు నమ్మరు. ఆ అట్టకి మీ ఇద్దరితోనూ తగాదా లేదు కదా" అన్నాను. "ఒక్కసారి దాన్ని అడిగి చూడండి."

కెమెరాదే తప్పని తేలిపోతుంది కదాని మా ఆయన సరేనన్నాడు. మౌస్ గుర్తుని అట్ట మీదకి తీసుకెళ్లి, ఇదే తెలుపు అని కంప్యూటరుకి చెబుతున్నట్టు నొక్కాడు.

అట్ట తెల్లబడింది. ఆ క్లిప్పులో షాపు బల్ల మీద పరిచిన తాను మీగడ రంగుకి తిరిగింది. వెనకాల వరసగా పేర్చిన బట్టలు ఎరుపుకి ఎరుపు, ఆకుపచ్చకి ఆకుపచ్చ, కళకళలాడాయి. మామయ్య ఒక్కరే పసుపుపచ్చగా మిగిలారు.

"అట్ట మాసిపోయినట్టుంది" అన్నాడు మా ఆయన.

"ఈ వేసవిలోనే కదా కొన్నారు" అన్నాను.

అతను అంతకుముందు తీసిన పెళ్లి తెరిచి అట్ట మీద నొక్కాడు. దానికి ముందుది, దానికీ ముందుది. వెనక్కి వెళ్లేకొద్దీ పచ్చదనం తగ్గుతూ పోయింది. బేకరీ క్లిప్పులో పట్టి చూస్తేగాని తెలియనంత. ఎండలు మొదలవుతున్నప్పుడు తీసిన పెళ్లిలో మాత్రం అట్టా మొహమూ రెండూ సరిగ్గా ఉన్నాయి. అక్కడ మామయ్య బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఇక నన్ను తీసెయ్ అమ్మాయ్ అని హుషారుగా అన్నారు.

"కెమెరా మంచిదే" అన్నాడు మా ఆయన. తెర ఆపేసి లేచాడు.

మామయ్య వీధి గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని స్టాండు మరలు బిగిస్తున్నారు. మా ఆయన వెళ్లి ఎదురుగా నిలబడి, కళ్లజోడు తియ్యమన్నాడు. నా కళ్లకి కూడా పరీక్ష పెడతావా అన్నారు మామయ్య, ఇంకా కోపంగానే. తీశారు. మా ఆయన లోపలి నుంచి తెచ్చిన అట్టని ఆయన గడ్డం కింద పెట్టాడు. ఏళ్ల అలవాటు కాబోలు, అట్ట తగలగానే మామయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నిటారుగా కూర్చుని, మా వైపు నేరుగా చూశారు. పగటి వెలుతురు, అద్దాలు లేవు, పక్కనే తెల్లటి అట్ట. కళ్లలో తెల్లగుడ్డు అనేదే లేదు.

"అయిందా?" అన్నారు.

మా ఆయన అట్ట తీసుకున్నాడు, నేను ఆసుపత్రికి ఆటో పిలిచాను.

ఆసుపత్రిలో అన్నీ తెల్లలైట్లే. అక్కడ ఎవరూ చెప్పనక్కరలేకుండానే అందరికీ కనిపించింది. అత్తయ్య ఆయన చేతిని తన చేతి పక్కన పెట్టుకుని చూసి, ఇదేమిటి, ఇదేమిటి అనుకుంటూ కూర్చుంది. పరీక్షలయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. పచ్చదనం ఎప్పటి నుంచి అని అడిగింది. నిన్నటిదాకా బాగానే ఉన్నారండి అంది అత్తయ్య.

"ఎండలు మొదలైన కొత్తల్లో వచ్చిందండి" అన్నాడు మా ఆయన.

"అప్పుడే చూశారా? మరి ఇంతకాలం ఏం చేశారు?"

"తీసేస్తూ వచ్చాను" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక మాకూ లేదు. లోపల ఒక గడ్డ పిత్తం వెళ్లే దారిని మూసేసిందని, అది పక్కలకి కూడా పాకిందని, గొట్టం వేసి దురదా పచ్చదనమూ కొంత తగ్గించగలం గాని గడ్డని ఏమీ చేయలేమని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ముందే తెచ్చి ఉంటే తేడా ఉండేదా అని నేను అడిగాను. ఉండేదేమో, చెప్పలేం అంది. ఉండేదన్నా ఏడ్చి ఊరుకునేవాళ్లం, ఉండదన్నా ఊరుకునేవాళ్లం. ఆ ఏమో ఒక్కటి మా వెంట ఇంటికొచ్చింది.

కామెర్లవాడి సామెత మా ఇంట్లో మళ్లీ ఎవరి నోటా రాలేదు.

మామయ్యకి అసలు సంగతి మా ఆయనే చెప్పాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఫిర్యాదులు ఎందుకొచ్చాయో, తాను ఏం చూసి రంగులు సరిచేసేవాడో మొత్తం చెప్పాడు. తిడతారేమో, తిడితే బాగుండును అనుకున్నాను. మామయ్య కొడుకు వైపు తల తిప్పారు.

"అంటే ఇన్నేళ్లూ ఊళ్లో పెళ్లికూతుళ్లందరినీ నా మొహం చూసి దిద్దావా?" అన్నారు. "పాపం పిల్లలు. మరి నాచేత ఆ అట్ట ఎందుకు మోయించావురా?"

నవ్వారు. నవ్వితే నొప్పి వచ్చి ఆపేశారు. బీరువా మీంచి కెమెరా దించి తుడిచి పెట్టమన్నారు, దుమ్ము పడితే లెన్సు పాడవుతుందట. మా ఆయన ఆ పని రోజూ చేసేవాడు. ఆ కాస్త పనే చేతిలో ఉంది కాబట్టి దాన్నే చాలాసేపు చేసేవాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ సీజన్ పనులన్నీ అట్ట ప్రకారం మళ్లీ చేయడం మొదలుపెట్టాం. ఎవరూ అడగలేదు. మా ఆయన ఆగలేకపోయాడు. తీసేసిన అట్ట క్లిప్పులన్నీ వెతికి, ప్రతి పెళ్లికీ ముందు మళ్లీ అతికించాను. రంగు కుదిరాక మళ్లీ తీసేసేదాన్ని. అలా ఒక రోజు చేస్తుండగా, ఏనాడూ గబ్బిలాల గది గడప తొక్కని అత్తయ్య వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. తెర మీద మామయ్య అట్ట పట్టుకుని ఉన్నారు, అట్ట తెల్లగా, మనిషి పచ్చగా.

"కాస్త బాగుచెయ్యరా" అంది.

మా ఆయన చక్రం మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా తిప్పాడు. పచ్చదనం జారిపోయింది. కళ్లు తెల్లబడ్డాయి, బుగ్గల్లోకి రక్తం వచ్చింది. పెళ్లిపందిరిలో నిలబడ్డ మామయ్య పెళ్లికొడుకు తండ్రంత దర్జాగా ఉన్నారు. చేతిలో అట్ట నీలంగా తిరిగింది గాని అత్తయ్య దాన్ని చూడలేదు. ముందుకి వంగి ఆయన్నే చూసింది.

"ఇంత తేలికా?" అంది.

"ఇక్కడ తేలికే అమ్మా."

పక్క గదిలోంచి మామయ్య మంచినీళ్లు అడిగారు. అత్తయ్య లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగి, దాన్ని అలాగే ఉంచమని చెప్పి వెళ్లింది. మా ఆయనకి ఆ చక్రాన్ని వెనక్కి తిప్పడానికి చాలాసేపు పట్టింది. తిప్పకపోతే పెళ్లికూతురు నీలంగా వస్తుంది.

మొదటి వానలు పడకముందే మామయ్య పోయారు. ఇల్లు నిండా జనం వచ్చి వెళ్లారు. బట్టల షాపాయన కూడా వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, అందరి మధ్య గోడవారన కూర్చున్నాడు. ఆయన వీడియో అప్పటికే సరైన రంగుతో వెళ్లిపోయింది, పని మా దగ్గరే ఉంది. దాని గురించి మేం అంత భయపడ్డామా అనిపించింది నాకు.

చివరికి ఒక్క పెళ్లి మిగిలింది. మామయ్య తన చేత్తో తీసిన ఆఖరిది. దాని రంగు కూడా కుదిరింది. మా ఆయన లేచి వెళ్లిపోయాడు, నేను పంపించేశాను.

రెండు రోజులకి ఆ పెళ్లికూతురు ఫోన్ చేసింది. గొంతు నిండా సంతోషం. ఈసారి రంగులు ఎంత బాగున్నాయో, అచ్చం ఆ రోజులాగే ఉందని, వాళ్లమ్మ చూసి కళ్లనీళ్లు పెట్టుకుందని చెప్పింది. చెప్పి కాస్త మొహమాటపడింది.

"మొదట్లో ఒక పెద్దాయన వస్తున్నారండి, అట్ట పట్టుకుని. ఎవరో తెలియలేదు. మావాళ్లెవరూ కాదు."

"పొరపాటున ఉండిపోయిందమ్మా, తీసేసి పంపిస్తాను" అన్నాను.

గదిలోకి వెళ్లి ఫైలు తెరిచాను. మామయ్య కెమెరా ఆన్ చేసి, తూలకుండా జాగ్రత్తగా వెనక్కి నడిచి, నిలబడి, అట్ట గడ్డం కిందకి తెచ్చుకున్నారు. చొక్కా వదులుగా వేలాడుతోంది. నేరుగా నా వైపు చూశారు.

"అయింది. ఇక నన్ను తీసెయ్ అమ్మాయ్" అన్నారు.

ఆయన నడిచి దగ్గరికొచ్చి, చెయ్యి లెన్సుని కప్పేదాకా ఆగాను. తర్వాత తీసేశాను.